మిద్దె దింపిన ఏడాది

మేము నలుగురం తోబుట్టువులం. ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లం. మా తండా వనపర్తి జిల్లాలో ఒక గుట్ట పక్కన ఉంటుంది. 2018లో తండాలను గ్రామ పంచాయతీలు చేసినప్పుడు మాదీ పంచాయతీ అయింది. ఈ వ్యాసం నలుగురం కలిసి కూర్చొని, ఒకరు మరిచింది ఇంకొకరు గుర్తుచేస్తూ రాసుకున్నది. అందుకే ఇందులో 'నేను' అనే మాట రాదు.

2024 జులై 1, సోమవారం. నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో వానకు నానిన మట్టి మిద్దె కూలి ఒక తల్లీ ముగ్గురు పిల్లలూ నిద్రలోనే చనిపోయారని పొద్దున్నే ఫోన్లలో వార్త వచ్చింది. మాలో పెద్దవాడు అప్పుడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. పద్నాలుగో అంతస్తులో కట్టెలు బిగిస్తూ వార్త చూశాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. యాడి ఎత్తింది.

"యాడీ, బాపు ఎక్కడ పడుకుంటున్నాడు?"

"ఎక్కడ పడుకుంటడు? మిద్దె కిందనే. వాన పడ్తుంటే బయట పడుకుంటడా?"

ఆ రోజు నుంచి ఏడాది పాటు మా ఇంట్లో ఈ మిద్దె ముచ్చట తప్ప వేరే ముచ్చట లేదు.

మా దాదా కాలంలో మాది గడ్డి గుడిసె. ఎండాకాలం వస్తే నిప్పు భయం. ఒక గుడిసె అంటుకుంటే గాలికి వరుసంతా పోయేది. ఊళ్లో రైతుల ఇళ్లను చూసి దాదా మట్టి మిద్దె వేశాడు. రాయీ మట్టీ కలిపిన గోడలు. గోడ మీద దూలం, దూలం మీద దంతెలు, దంతెల మీద కట్టె, కంప. ఆ పైన మన్ను. అన్నిటికన్నా పైన చౌడు. నడుమ వెలుతురుకు గవాచి. వాన వస్తే దాని మీద రాయి మూతపెట్టేవాళ్లం.

చౌడు సంగతి బడిలో ఎవరూ మాకు చెప్పలేదు. సార్లు పిల్లలకు చెబితే బాగుంటుందని ఇక్కడ రాస్తున్నాం. చౌడు నేలలో సోడియం ఎక్కువ. తడిసినప్పుడు ఆ బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగవు. అందుకే ఆ నేలలో పంట సరిగ్గా పండదు. అందుకే ఆ మన్ను మిద్దెకు పనికొచ్చింది. పంటకు పనికిరాదని రైతు వదిలేసిన నేల మా ఇంటిని కాపాడింది.

మా పాలమూరులో మిద్దె బల్లపరుపుగా ఎందుకుంటుందో కూడా అప్పుడే ఆలోచించాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాదికి పడే వాన అటూఇటూగా 600 మిల్లీమీటర్లు. కేరళలోలాగ ఏటవాలు పెంకుల ఇల్లు ఇక్కడ అవసరం పడలేదు. మిద్దె మీద పల్లికాయ ఎండబెట్టుకోవచ్చు, మిరపకాయ ఆరబోసుకోవచ్చు, ఎండాకాలం రాత్రి ఇంటిల్లిపాదీ పైనే పడుకోవచ్చు. మా చదువులన్నీ మిద్దె మీదనే అయ్యాయి. గంటసేపు దంచి కొట్టి వెళ్లిపోయే వానకు మట్టి మిద్దె భయపడదు. దానికి ముసురంటేనే భయం. మూడు రోజులు, నాలుగు రోజులు సన్నగా పడుతూనే ఉంటే మన్ను నానుతుంది, గోడ నానుతుంది. చాలాసార్లు వాన ఆగి ఎండ వచ్చిన తర్వాతే గోడ కూలుతుంది. వాన తగ్గింది కదా అని మనం లోపలికి పోయినప్పుడు.

ముసురును తట్టుకోవాలంటే మిద్దెకు ఏటా సేవ చేయాలి. మృగశిర కార్తెకు ముందు మిద్దె మీద మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకాలి. ఎలుక బొక్కలు పూడ్చాలి. కొత్త చౌడు తెచ్చి పరచాలి. నీళ్లు తూము వైపు పోయేలా వాలు సరిచేసి కొట్టాలి. మా చిన్నప్పుడు ఇది నాలుగు రోజుల పని. తండాలో ఇవాళ ఒకరి మిద్దె, రేపు ఇంకొకరి మిద్దె. కూలి ఇచ్చేది లేదు, కడుపునిండా అన్నం పెట్టేవాళ్లు. చౌడు ఊరి బయట ఉత్తగానే దొరికేది.

తర్వాత ఆ చేతులు తండాలో లేకుండా పోయాయి. పాలమూరు లేబర్ అన్న పేరు మీకు తెలిసిందే. ఆనకట్టలూ కాలువలూ రోడ్లూ ఎక్కడెక్కడో కట్టారు మనవాళ్లు. మా ఇంట్లో బాపు పుణెకు పోయేవాడు, పెద్దవాడు హైదరాబాద్‌కు. వానలు మొదలయ్యాక గానీ తిరిగి వచ్చేవాళ్లు కాదు. మిద్దెకు చేతులు కావలసింది సరిగ్గా ఆ ముందు పదిహేను రోజుల్లో. ఆ పదిహేను రోజులూ మేము ఎవరి స్లాబుకో కంకర మోస్తుంటిమి. చౌడు తీసే జాగలో ప్లాట్ల రాళ్లు పాతారు. చౌడు కావాలంటే ట్రాక్టర్‌కు డబ్బులు పెట్టి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఒక ఏడు తెప్పించాం, రెండేళ్లు వదిలేశాం. వదిలేసిన ఏళ్లలో పైన పట్టా కప్పి రాళ్లు పెట్టాం. పట్టా కింద ఏం జరుగుతుందో చూడలేదు.

వనపట్ల వార్త తర్వాత పెద్దవాడు సెలవు పెట్టుకుని వచ్చాడు. మేము నలుగురం మిద్దె ఎక్కి టేపుతో కొలిచాం. మన్ను మందం ఒక అడుగు వచ్చింది. దాదా వేసింది అంత లేదని బాపు అన్నాడు. ఉరిసిన చోటల్లా, ఉరిసిన ప్రతిసారీ పాత మన్ను తీయకుండా కొత్త మన్ను పోసుకుంటూ వచ్చామని అప్పుడు తెలిసింది. లోపలి గది పదడుగులు, పన్నెండడుగులు. అంటే 120 చదరపు అడుగులు. అడుగు మందం మన్ను అంటే 120 ఘనపుటడుగులు. తడిసిన మట్టి ఘనపుటడుగుకు యాభై కిలోలకు పైనే తూగుతుంది. మాలో చిన్నది కాగితం మీద లెక్కవేసి పైకి చదివింది: ఆరు టన్నులు. ఐదు అంగుళాల స్లాబు అదే గదికి వేస్తే మూడున్నర టన్నులు. స్లాబుకన్నా బరువైన దాన్ని చెదపట్టిన దంతెల మీద పెట్టుకుని దాని కింద పడుకుంటున్నాం.

బాపు ఒప్పుకోలేదు. గోరుబోలిలో ఆయన అన్నది తెలుగులో ఇట్లా వస్తుంది: "ఈ మిద్దె మీ దాదా వేసింది. నలభై ఏండ్లు ఏం కాలే. మీరు కాగితం మీద రాసినందుకు కూలుతదా?"

మేము కోపంగా మాట్లాడాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన భయం మిద్దె కూలుతుందని కాదు, అప్పు అవుతుందని. బోరు కోసం తెచ్చిన అప్పు ఆయన తొమ్మిదేళ్లు కట్టాడు.

మా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, మన్ను తీసేసి, పాడైన దంతెలు మార్చి, మళ్లీ పలుచగా చౌడు వేయడం. కలప కొనాలి, ఇప్పుడు ఆ పని తెలిసిన పెద్దమనిషి తండాలో ఒక్కరే మిగిలారు. రెండోది, మన్ను దింపేసి అదే గోడల మీద రేకులు వేయడం. అన్నిటికన్నా చవక ఇదే. తేలిక కాబట్టి గోడ మోస్తుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద పగలు కూర్చోలేం. సాయంత్రం గాలిదుమారం వస్తే రేకు లేచిపోతుంది. మూడోది స్లాబు.

స్లాబు అనగానే అందరూ పైకప్పు ఖర్చే అడుగుతారు. మేమూ మొదట అదే లెక్కవేశాం. 400 చదరపు అడుగుల స్లాబుకు నలభై బస్తాల సిమెంటు, నాలుగున్నర క్వింటాళ్ల ఇనుము, కంకర, ఇసుక, సెంట్రింగ్, కూలి. సజ్జలతో కలిపి లక్షకు కాస్త అటూఇటూ. అంతేనా అనిపించింది. అప్పుడు పెద్దవాడు అన్నాడు: "ఈ గోడల మీద స్లాబు నిలవదు. పిల్లర్లు లేవాలి. పిల్లర్లు లేవాలంటే పునాది తవ్వాలి. పునాది తవ్వాలంటే ఈ గోడ ఉండదు." మా పల్లెల్లో మట్టి మిద్దె పైకప్పు మార్చడమంటే ఇల్లంతా మార్చడమే. లక్ష అనుకున్నది ఆరు లక్షల దగ్గరికి పోయేది ఇక్కడే. చాలామంది ఏళ్ల తరబడి పట్టా కప్పుకుని ఉండిపోయేదీ ఇందుకే.

ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైంది. సొంత జాగా ఉన్నవాళ్లకు ఐదు లక్షలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. 2025 జనవరిలో గ్రామసభలో చదివిన మొదటి జాబితాలో మా పేరు లేదు. తర్వాతి జాబితాలో వచ్చింది. కానీ ఆ డబ్బు విడతలుగా వస్తుంది. పునాది లేపి ఫోటో దిగితే మొదటి లక్ష. అంటే ముందు మన చేతి నుంచి పెట్టాలి, తర్వాత ప్రభుత్వం ఇస్తుంది. చేతిలో లేనివాడు వడ్డీకి తెస్తాడు.

మా చేతిలో ఉన్నది ఒకటే. మాలో చిన్నదాని బి.ఇడి. ఫీజు కోసం, హాస్టల్ కోసం రెండేళ్లుగా దాచిన డెబ్బై వేలు. ఎవరమూ ఆ డబ్బు పేరు ఎత్తలేదు. పది రోజులు ఎత్తలేదు. చివరికి అదే ఎత్తింది. "ఒక ఏడాది ఆగుతా. మిద్దె ఆగదు" అంది. మేము వద్దనలేదు. వద్దనలేకపోయాం. ఈ వ్యాసంలో రాయడానికి అన్నిటికన్నా కష్టమైన వాక్యం ఇదే, దీన్ని రాయాలని పట్టుబట్టింది కూడా అదే.

2025 ఏప్రిల్‌లో మిద్దె దింపాం. పైనుంచి మన్ను గంపలతో తీస్తూ వచ్చాం. ట్రాక్టర్ ట్రాలీలు నిండుతూనే ఉన్నాయి. మన్ను అయిపోయి కంప తీస్తే దంతెలు కనిపించాయి. పదకొండు దంతెల్లో నాలుగు చేత్తో పట్టుకుంటే పొడి అయ్యాయి. పైకి గట్టిగా కనిపించిన పెద్ద దూలం గోడలోకి దిగిన చోట చెద తినేసి గుల్లగా ఉంది. బాపు పడుకునే మంచం సరిగ్గా దాని కింద ఉండేది. ఆయన ఆ దూలం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ అనలేదు. సాయంత్రం పార తీసుకుని పునాది గుంత మొదలుపెట్టింది ఆయనే.

పని అంతా మాకు తెలిసిందే. పరాయి ఇళ్లకు చేసిందే. అయినా సొంత ఇంటికి వచ్చేసరికి ఎక్కడ తగ్గించుకుందామా అన్న ఆలోచన వస్తుంది. ఇనుము కింద కవర్ బిళ్లలు అవసరమా అన్నాడు మాలో ఒకడు. హైదరాబాద్ సైట్లో ఇంజనీరు బిళ్ల లేకుండా కాంక్రీటు పోయనీయడు. బిళ్ల లేకపోతే ఊచ సెంట్రింగ్ రేకుకు ఆనుకుంటుంది. కింద కాంక్రీటు పొర ఉండదు. తేమ తగిలి తుప్పు పడుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి కాలనీ ఇళ్లలో పెచ్చులూడి ఊచలు కనిపించేది ఇట్లాంటి తప్పుల వల్లనే. సంచి నిండా వచ్చే బిళ్లలకు మహా అయితే కొన్ని వందలు. వాటి దగ్గర పీనాసితనం చేస్తే ఇంకో స్లాబు ఖర్చు.

జూన్ చివర్లో స్లాబు వేశాం. మధ్యాహ్నం మబ్బు పట్టింది. తండా ఆడవాళ్లు మగవాళ్లు ఇరవై మందికి పైగా వచ్చి తట్టలు అందించారు. చిన్నప్పుడు చౌడు పరచడానికి వచ్చినట్టే వచ్చారు. యాడి వంట చేసింది. ఇరవై అడుగుల పొడవుకు మూడు అంగుళాల వాలు పెట్టాం, తూములు రెండు. స్లాబు బల్లపరుపుగా కనిపించాలి గానీ నీళ్లు దాని మీద నిలవకూడదు. ఈ సంగతి చౌడు మిద్దెకూ ఒకటే, సిమెంటు స్లాబుకూ ఒకటే. పద్నాలుగు రోజులు కాకముందు సెంట్రింగ్ తీయనీయలేదు. అద్దె పెరుగుతుందని సెంట్రింగ్ సామాను వాళ్లు తొందర పెట్టినా తీయలేదు.

లెక్క మొత్తం ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం. మిద్దె దింపి మన్ను మోయించడానికి 12,000. పునాది, పిల్లర్లకు 1,50,000. గోడలకు 1,10,000. స్లాబుకు 1,05,000. తలుపులు, కరెంటు, ప్లాస్టరింగ్, నేలకు 1,60,000. మొత్తం 5,37,000. మా డెబ్బై వేలు చాలక లక్షన్నర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. విడతల డబ్బు వచ్చి అది తీర్చేసరికి పది నెలలు. వడ్డీ 30,000. ముగ్గురం డెబ్బై రోజులు బయటి పని మానేశాం. రోజుకు ఆరు వందల లెక్కన 1,26,000. అన్నీ కలిపితే 6,93,000. ప్రభుత్వం ఇచ్చింది ఐదు లక్షలు. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు, అది లేకుంటే మేము ఈ పని మొదలే పెట్టేవాళ్లం కాదు. కానీ మిగతా 1,93,000 ఎవరు పెట్టారో కూడా లెక్కలో ఉండాలి. చిన్నదాని ఏడాదికి ఎంత వేయాలో మాకు తెలియలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాం.

ఈ లెక్క మా తండాదే కాదు. గద్వాల వైపు పోతే అయిజ మండలం కొత్తపల్లిలో 2021 అక్టోబరులో గోడ కూలి ఒకే ఇంట్లో ఐదుగురు పోయారు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగినప్పుడు రాజోలి, ఆలంపూర్ వైపు మట్టి ఇళ్లు ఎట్లా కరిగిపోయాయో ఆ తరం ఇంకా చెబుతుంది. నల్లమలలో చెంచు అన్నదమ్ముల సంగతి వేరే. వాళ్ల పాత గుడిసె గుండ్రంగా, పైన శంఖం మూసినట్టు ఏటవాలుగా ఉంటుంది. వాన జారిపోతుంది. గడ్డి మార్చుకుంటే చాలు. పక్కా ఇల్లు కావాలంటే అడవి లోపలి పెంటకు సిమెంటూ ఇనుమూ ఇసుకా అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోవాలి. దానికి అటవీ శాఖ అనుమతి కావాలి, బండ్ల బాడుగ కావాలి. పీఎం జన్‌మన్ కింద చెంచుల వంటి ఆదిమ తెగలకు ఇంటికి రెండు లక్షలు అన్నారు. మైదానంలో ఉన్న మాకే ఐదు లక్షలు చాలనప్పుడు అడవి లోపల రెండు లక్షలకు ఏ ఇల్లు లేస్తుందో లెక్క తెలిసిన పిల్లలు ఎవరైనా వేసి చూడవచ్చు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఒక చిన్న పని. మీ ఇల్లు మట్టి మిద్దె అయితే మే నెల సెలవుల్లో ఒకసారి పైకెక్కి మన్ను మందం కొలవండి. అడుగు దాటితే పాత మన్ను కొంత దింపించండి. దానికి అప్పు అక్కరలేదు. దూలం గోడలోకి దిగే చోట మేకుతో పొడిచి చూడండి, మెత్తగా దిగితే ఆ గదిలో ఎవరినీ పడుకోనీయకండి. గోడ కింది భాగం ఉబ్బినా, నిలువు పగులు ఈ ఏడు వెడల్పయినా ముసురు రోజుల్లో ఇంట్లోని పెద్దలను బడికో, పంచాయతీ ఆఫీసుకో తీసుకుపోండి. వాన ఆగినాక రెండు రోజుల దాకా తిరిగి రానీయకండి. వాళ్లు మా బాపు లాగే తిడతారు. తిట్టనీయండి. సార్లూ మేడమ్‌లూ ఘనపరిమాణం పాఠం చెప్పేటప్పుడు ఒక్కరోజు ఈ మిద్దె లెక్క చేయించండి. మా ఇంట్లో మాటలతో కాని పని ఆ లెక్కతోనే అయింది.

ఆ ఆగస్టులో మొదటి ముసురు పట్టింది. గోడలకు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు, తలుపుకు బదులు పట్టా కట్టాం. మేమందరం కొత్త స్లాబు కింద పడుకున్నాం. నడిరాత్రి చప్పుడైతే లేచి చూశాం. యాడి చీకట్లో గిన్నెలు తీసుకొచ్చి, పాత మిద్దె ఉరిసే చోట్లు గుర్తుపెట్టుకుని, అక్కడక్కడ పెడుతోంది. "యాడీ, ఉరవదు, పడుకో" అన్నాం. "తెలుసు" అంది. అయినా పెట్టింది. పొద్దున లేచి చూస్తే గిన్నెలన్నీ పొడిగా ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే బోర్లించి చూసుకుని, పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది.

చిన్నది ఇప్పుడు మళ్లీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. మిద్దె మీదనే, అంటే స్లాబు మీదనే. చదువుకు కూర్చునే ముందు మూలల్లో మొలిచిన గడ్డిపోచలు పీకేసి, తూముల్లో పడిన ఆకులు తీసేస్తుంది.